ఏ ఒడ్డు కోర్టండీ, అన్నగారూ?

అన్నగారూ, ముందుగా అభినందనలు. సమన్లు పట్టుకుని కోర్టు అమీనా మీ గుమ్మం ఎక్కినప్పుడు మీరు కంగారు పడలేదట. "నాన్నగారి పొలంలో తమ్ముడికి వాటా ఉందా?" అనే చచ్చు ప్రశ్న మీ నోటివెంట రానే రాలేదట. కళ్ళజోడు సవరించుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, "అసలీ కోర్టుకి అధికారం ఉందా?" అన్నారట. ఆ ఒక్క మాటతో ఎన్ని పంటలు మీ గాదెలో పడ్డాయో మీకే తెలియదు. తెలిసినవాడు మీ ప్లీడరు. ఆయన లోలోపల నవ్వుకుని వకాల్తా కాగితం ముందుకు జరిపాడు.

మీ పేరు నేను చెప్పక్కర్లేదు. తాళ్ళపూడి నుంచి నిడదవోలు దాకా వీధికొక్కరు ఉన్నారు మీరు. కథ కూడా అందరికీ తెలిసిందే. నాన్నగారు పోయారు. కొవ్వూరు దగ్గర కుమారదేవం పక్కన నాలుగెకరాలు, రాజమండ్రిలో చిన్న ఇంటిస్థలం, గోదావరి నడిమధ్య లంకలో రెండెకరాలు మిగిల్చారు. పన్నెండో రోజు భోజనాల దగ్గర తమ్ముడు వాటా సంగతి ఎత్తితే, "సంవత్సరీకం కానీరా" అన్నారు మీరు. సంవత్సరీకాలు అవుతూనే ఉన్నాయి. కౌలు డబ్బు మీకు వస్తూనే ఉంది. చివరికి వాడు విసిగి, వంతెన అవతల రాజమండ్రిలో తన ఇంటికి దగ్గరున్న కోర్టులో భాగపరిష్కారానికి దావా వేశాడు. వాడికి ఆ హక్కుందా అంటే, నిక్షేపంగా ఉందండి.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఈ ముక్కని దాచిపెట్టలేదు. స్థిరాస్తి ఎక్కడుందో అక్కడి కోర్టుకే వెళ్ళాలంటుంది 16వ సెక్షన్. అధికారమున్న కోర్టుల్లో అన్నిటికన్నా కింది మెట్టు మీదున్న దానికే వెళ్ళాలంటుంది 15. ఆస్తి రెండు కోర్టుల పరిధిలో చెరికొంత ఉంటే, ఏ కొంత ఉన్న చోటైనా మొత్తానికీ దావా వేసుకోవచ్చంటుంది 17. ఎనిమిదో తరగతి కుర్రాడికి చెప్పినా అర్థమవుతుంది. ఇంత తేటగా ఉన్న సంగతిని మూడు తరాలు సాగదీయాలంటే మామూలు తెలివి చాలదు. మనవాళ్ళు సాగదీశారు. చేతికొచ్చిన విద్యని మెచ్చుకోవాలి మరి.

మీ మొదటి అస్త్రం రాజమండ్రి స్థలం. "అది నాన్నగారిది కానే కాదు, ఈ కోర్టుకి అధికారం తెచ్చుకోవడానికి షెడ్యూల్లో ఇరికించాడు" అని మీ కౌంటరు. ఇది ఊరికే గాలిలో విసిరిన రాయి కాదండోయ్. కలకత్తాలో ఒకప్పుడు తనఖా దస్తావేజు అక్కడే రిజిస్టరు చేయించుకోవాలని, గురుదాస్ వీధి 25వ నంబరు ఇల్లు అని ఒక లేని ఆస్తిని అందులో రాశారు. ఆ సంగతి 1914లో లండన్‌లో ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళింది. లేని ఇంటిని చూపించి తెచ్చుకున్న అధికారం అధికారం కాదని దొరలు తేల్చారు. అది రిజిస్ట్రేషను గొడవ, మీది దావా గొడవ. అయినా మీ ప్లీడరు దాన్ని ఎర్రదారం కట్టి దాచుకున్నాడు. చిన్న చిక్కేమిటంటే, రాజమండ్రి స్థలం నిజంగానే ఉంది. మునిసిపల్ పన్ను రసీదులు నాన్నగారి పేరనే ఉన్నాయి. ఆ రసీదులు మీ బీరువాలోనే ఉన్నాయి.

పోనీండి, రెండో అస్త్రం. "వాది తన దావాలో కొవ్వూరు ఏ జిల్లాలో ఉందో తప్పుగా రాశాడు." ఇక్కడ మాత్రం మీ తమ్ముణ్ణి తప్పుపట్టలేం. కొవ్వూరుకే తెలియదు. 1859లో గోదావరి జిల్లా అన్నారు, ఒడ్డుకి ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒకటే. 1904లో పడమటి తాలూకాలని కోసి కృష్ణా జిల్లాకి అతికించారు. 1925లో అక్కణ్ణించి విడదీసి పశ్చిమ గోదావరి అని పేరు పెట్టారు. ఏలూరు కలెక్టరుకి సలాము కొట్టడం అలవాటైంది. దాదాపు వందేళ్ళు గడిచాక, 2022 ఏప్రిల్ 4న, పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయిన రోజున, గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. సూర్యుడు మాత్రం పాత పద్ధతిలోనే రాజమండ్రి వైపు ఉదయిస్తున్నాడు. ఆయనకి గెజిటు కాపీ అందినట్టు లేదు.

అసలు తమాషా ఇక్కడ మొదలు. ఆ రాత్రి కొవ్వూరు వాడి కలెక్టరు వంతెన దాటి ఎదురుగా వచ్చి కూచున్నాడు. జిల్లా జడ్జి మాత్రం ఏలూరులోనే ఉండిపోయారు. రెవెన్యూ జిల్లా గీత వేరు, న్యాయజిల్లా గీత వేరు. రెండోది జరగాలంటే 1972 సివిల్ కోర్టుల చట్టం కింద హైకోర్టుతో సంప్రదించి ప్రభుత్వం వేరే ఉత్తర్వు ఇవ్వాలి. పాత తూర్పు గోదావరి వాళ్ళకి ఇది కొత్త కాదు. వాళ్ళకి కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో ఉండేవారు. పట్టాకి సముద్రం వైపు, తీర్పుకి నది వైపు తిరిగే మెడలు వాళ్ళవి. ఇప్పుడు మన వంతు వచ్చింది. గోదావరి గట్టు మీద నిలబడి చూస్తే అవతల జిల్లా కోర్టున్న ఊరు కనిపిస్తుంది. జిల్లా కోర్టుకి అప్పీలు పెట్టాలంటే మాత్రం దానికి వీపు పెట్టి ఏలూరు బస్సెక్కాలి. అయితే అన్నగారూ, జిల్లా పేరు తప్పు రాసినంత మాత్రాన దావా పోదు. సవరణ పిటిషను ఒకటి వేసి దిద్దుకోవచ్చు. మీ ప్లీడరుకి ఇది తెలుసు. ఆ సవరణ పిటిషనుకి కౌంటరు వేయడానికి మూడు వాయిదాలు పడుతుందనీ తెలుసు.

ఈ ఒడ్డునున్న పొలం అంగుళం కదలకుండా ఎంత దేశం తిరిగిందో చూడండి. తాతగారి కాలంలో దాని మీద అప్పీలంటే మద్రాసు రైలు. 1954లో గుంటూరు. 1956లో హైదరాబాదు. 2019 జనవరి 1 నుంచి అమరావతి. నాలుగు హైకోర్టులు చూసిన పాత కట్టలు ఈ చుట్టుపక్కల అటకల మీద ఉంటే ఆశ్చర్యం లేదు. ఇంకా నయం, మీ నాన్నగారు యానాంలో స్థలం కొనలేదు. కాకినాడకి కూతవేటు దూరంలో, అదే గోదావరి పాయ ఒడ్డున, అదే యాసలో "ఆయ్" అనే మనుషుల మధ్య కొన్నా, అది పుదుచ్చేరి. దాని హైకోర్టు ఇప్పటికీ చెన్నై. అక్కడ పది సెంట్లు ఉండుంటే మీ తమ్ముడి మనవలకి అరవం నేర్పించుకోవాల్సి వచ్చేది. డల్లాస్‌లో ఉన్న మీ అల్లుడు "ఇక్కడి కోర్టులో వేస్తే ఆరునెలల్లో తేల్చేస్తారు మావయ్యా" అన్నాడట. అతనికి చెప్పండి, కొవ్వూరు పొలం ఎవరిదో టెక్సాసు జడ్జి తీర్పు రాసినా, దాన్ని చూపించి ఇక్కడ ఒక్క గట్టు కూడా కదపలేమని.

లంక భూమి సంగతి వేరు. అక్కడ మీకు నిజంగానే గోదావరి తల్లి సాయం ఉంది. వరదొచ్చిన ప్రతిసారీ లంక ఒకపక్క కరుగుతుంది, ఇంకోపక్క మేట వేస్తుంది. నిన్న మద్దూరులంక వైపున్న నేల రేపు ఎటు చేరుతుందో నది ఇష్టం. పొగాకు వేసిన చోట పడవలు తిరుగుతాయి, పడవలు తిరిగిన చోట కూరగాయలు పండుతాయి. సర్వేయరు గొలుసు పట్టుకుని వెళ్తే రాళ్ళు కనిపించవు. కేతావారి లంకా, బ్రిడ్జి లంకా రాజమండ్రి లెక్కలోవి. మీ రెండెకరాలు ఏ ఒడ్డు లెక్కలోవి? మీ ప్లీడరు ఈ ప్రశ్న అడిగినప్పుడు గొంతులో వచ్చిన ఆనందం నేను విన్నాను. నది మధ్య గీత ఎక్కడుందో తేలేదాకా కోర్టు కదలకూడదని ఆయన వాదన. అడ్వకేటు కమిషనర్ని వేయాలట, ఎఫ్.ఎం.బి. అనే సర్వే కొలతల పుస్తకాలు తెప్పించాలట, వరద తగ్గాక కొలవాలట. కొలిచిన ఏడాది మళ్ళీ వరద రాదని పూచీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడే ఒక రహస్యం చెబుతాను, మీ తమ్ముడికి చెప్పకండి. 1908లో ఆ చట్టం రాసినవాళ్ళు నదులు చూడని వాళ్ళేం కాదు. ఆస్తి ఏ కోర్టు పరిధిలో ఉందో అనుమానంగా ఉందని ఎవరైనా అంటే ఏం చేయాలో 18వ సెక్షన్లో రాసిపెట్టారు. ఆ అనుమానానికి తగిన కారణం ఉందని తోస్తే, ఆ కోర్టుల్లో ఏదైనా సరే, "ఇక్కడ అనుమానం ఉంది" అని రెండు వాక్యాలు రికార్డులో రాసుకుని దావా నడిపించవచ్చు. తీర్పు చెప్పవచ్చు. ఆ డిక్రీకి మామూలు డిక్రీకున్నంత బలమూ ఉంటుంది. రెండు వాక్యాలండి! నది ఎక్కడున్నా ఫరవాలేదు. ఈ సెక్షను గురించి మీ వైపు ప్లీడరు ఎత్తడు, అది ఆయన ధర్మం. మీ తమ్ముడి ప్లీడరు కూడా ఎత్తకపోవడం మీ అదృష్టం. ఇద్దరూ సాయంత్రం ఒకే బారు అసోసియేషను బల్ల మీద టీ తాగుతారు కదా, ఆ టీ చల్లారకుండా చూసుకోవాలి ఎవరైనా.

అలాగే 21వ సెక్షను. చోటు గురించిన అభ్యంతరం మొట్టమొదటే చెప్పాలి, ఇష్యూలు ఖరారయ్యేలోపే చెప్పాలి. ఆ తర్వాత పైకోర్టులో ఏడ్చినా, దానివల్ల నిజంగా న్యాయం చెడిందని చూపిస్తే తప్ప వినరు. ఆలస్యంగా మేలుకునే ప్రతివాదులకి పెట్టిన తాళం అది. కానీ తాళానికీ సందులుంటాయి. 1988లో ఢిల్లీలో వేసిన ఒక దావా తీసుకోండి. గుర్గావ్‌లో ప్లాటు, దాని అమ్మకం ఒప్పందం అమలు చేయించమని కోరిక. ప్రతివాది మొదట ఢిల్లీ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నాడు. ఏళ్ళు గడిచాక "ప్లాటు హర్యానాలో ఉంది కదా" అని గుర్తొచ్చింది. 2005లో సుప్రీంకోర్టు తేల్చింది, స్థిరాస్తి దావా ఆస్తి ఉన్న చోటే వేయాలి, ఢిల్లీకి ఆ అధికారం లేదని. పదిహేడేళ్ళకి దావా మొదటి మెట్టు దగ్గరికి చేరింది. ఇక 2020లో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. తప్పు కోర్టు ప్లెయింటు వాపసు ఇచ్చాక సరైన కోర్టులో పెడితే, విచారణ ఆగిన చోటి నుంచి కాదు, అసలు మొదటి నుంచి మొదలు కావాలని. సాక్షుల్ని మళ్ళీ పిలవాలి. బతికుంటే.

మీ తమ్ముడికి ఓదార్పు లేకపోలేదు. మంచి ఉద్దేశంతో, శ్రద్ధగా, తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని 1963 లిమిటేషన్ చట్టం 14వ సెక్షను గడువు లెక్కలోంచి తీసేస్తుంది. కాలదోషం పట్టదు. తలనెరుపు లెక్కలోంచి తీసేసే సెక్షను మాత్రం పార్లమెంటు ఇంకా చేయలేదు.

చోటు అయిపోయాక విలువ. ఇది మీకు మరీ ఇష్టమైన పేజీ. జూనియర్ సివిల్ జడ్జికి ఇంత దాకా, సీనియర్‌కి అంత దాకా, ఆపైన జిల్లా కోర్టు. డబ్బు పెరిగిన కొద్దీ మెట్లు మారతాయి. కొవ్వూరులో అయితే జూనియరూ, సీనియరూ ఒకే చోట దొరుకుతారు, ఇక్కణ్ణించి అక్కడికి తోసేయడానికి వంతెన కూడా అక్కర్లేదు. కాబట్టి ఈ నాలుగెకరాల విలువ ఎంత? బ్యాంకు అప్పుకి వెళ్ళినప్పుడు మీరు చెప్పింది ఒక అంకె. అమ్మాయి సంబంధం మాట్లాడినప్పుడు ఇంకో అంకె, గుండె ఆగేంత. అమ్మకం దస్తావేజులో సబ్ రిజిస్ట్రారుకి చూపించే అంకె వేరు. కోర్టు ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు అదే పొలం ఉప్పుచవుడు, వరద ముంపు, దారి లేని బీడు. తమ్ముడు తక్కువ విలువ రాశాడు, ఇది పైకోర్టుకి వెళ్ళాల్సిన దావా అని మీ కౌంటరు. మీరు సొంతంగా వేసిన ఇంజంక్షను దావాలో అదే పొలానికి రాసిన విలువ చూస్తే, ఆ డబ్బుకి ఈ రోజుల్లో పాడిగేదె కూడా రాదు.

బీహారులోని మోంఘీర్ జిల్లా నుంచి ఇలాంటి పెద్దమనుషులు 1954లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. వాళ్ళ దావాకి విలువ 2,950 రూపాయలని రాసుకున్నది వాళ్ళే. జిల్లా కోర్టు అప్పీలులో ఓడిపోయారు. హైకోర్టుకి వెళ్ళాక అసలు విలువ 9,980 అని తేలింది. అప్పుడు వాళ్ళకి జ్ఞానోదయమైంది. "అయ్యో, ఇంత విలువైన దావా అప్పీలు నేరుగా హైకోర్టుకి రావాలి కదా, జిల్లా కోర్టు తీర్పు చెల్లదు" అన్నారు. తాము తగ్గించి రాసిన అంకెని తామే పట్టుకుని, తాము ఓడిన తీర్పుని కొట్టేయమన్నారు. జస్టిస్ టి.ఎల్. వెంకటరామ అయ్యరు తీర్పు రాశారు. కర్ణాటక సంగీతంలో సంగీత కళానిధి బిరుదున్న మనిషి, అపశ్రుతి చెవిన పడగానే పట్టేసి ఉంటారు. అధికారం బొత్తిగా లేని కోర్టు డిక్రీ చెల్లదు, నిజమే అన్నారు. కానీ విలువ తేడా వల్ల తీర్పు మంచిచెడ్డలకే దెబ్బ తగిలితే తప్ప, 1887 సూట్స్ వాల్యుయేషన్ చట్టం ఇలాంటి కప్పదాట్లు ఒప్పుకోదన్నారు. డెబ్భై ఏళ్ళు దాటిపోయింది ఈ తీర్పు వచ్చి. మన కోర్టు హాళ్ళలో దాన్ని రెండు వైపుల వాళ్ళూ చదువుతారు. చెల్లదన్న వాక్యం ప్రతివాది చదువుతాడు, చెల్లుతుందన్న వాక్యం వాది చదువుతాడు, తర్వాత వాయిదా పడుతుంది.

ఈ తలనొప్పి అంతా ఎందుకని మొన్నామధ్య ఒక ప్రభుత్వం ఏకంగా కోర్టునే తీసేసింది, గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం, 2022. ల్యాండ్ టైట్లింగ్ యాక్టు అంటే ఊళ్ళో పిల్లాడికీ తెలుసు. 2023 అక్టోబరు 31 నుంచి అమలన్నారు. హక్కు ఎవరిదో తేల్చేది టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి, ఆయన మీద అప్పీలుకి ఇంకో అధికారి, ఆపైన హైకోర్టు. కింది సివిల్ కోర్టు గుమ్మం తొక్కక్కర్లేదు. ఏ కోర్టుకి అధికారం ఉంది అనే ప్రశ్నకి ఇంత పొట్టి జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఏ కింది కోర్టుకీ లేదు!

అప్పుడు చూడాల్సింది మన ప్లీడర్లని. నల్లకోట్లతో రోడ్డెక్కారు, కోర్టులు బహిష్కరించారు, దీక్షలు చేశారు. వాళ్ళ భయం తప్పని నేననను. పొలం ఎవరిదో ప్రభుత్వ అధికారి తేల్చి, ఆ తప్పుని ప్రభుత్వ అధికారే దిద్దుతాడంటే నాకూ నిద్రపట్టదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా "ఈ కోర్టుకి అధికారం లేదు, యువరానర్" అని ప్రతి వాయిదాకీ పాడిన గొంతులు ఆ రోజుల్లో "సివిల్ కోర్టు అధికారం పవిత్రం" అని నినదించడం వింటుంటే ముచ్చటేసింది. 2024లో ప్రభుత్వం మారింది. జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి రద్దు ఫైలు మీద సంతకం పెట్టాడు, జూలైలో అసెంబ్లీ రద్దు బిల్లు నెగ్గించింది. సివిల్ కోర్టు మళ్ళీ నిలబడింది. నల్లకోట్లు లోపలికి వెళ్ళాయి, మొదటి కేసు పిలిచారు, ప్రతివాది తరఫు న్యాయవాది లేచి అధికార పరిధి మీద ప్రాథమిక అభ్యంతరం చెప్పాడు.

మధ్యలో మీ తమ్ముడు ఒకసారి తహసీల్దారు దగ్గరికీ వెళ్ళాడు. 1బి చూశారు, అడంగల్ చూశారు, పాసుపుస్తకం మీ పేరనే ఉంది. "హక్కు తేల్చేది మేం కాదు, సివిల్ కోర్టుకి వెళ్ళండి" అన్నారు. వెళ్తే కోర్టులో మీ ప్లీడరు, "రెవెన్యూ వాళ్ళ రికార్డు మా పేరనే ఉంది" అన్నాడు. వాళ్ళు ఇటు చూపిస్తారు, వీళ్ళు అటు చూపిస్తారు. మధ్యలో రోడ్డు కం రైలు వంతెన ఉంది, 1974 నుంచీ మోస్తూనే ఉంది. హేవలాక్ వంతెన 1900లో మొదలెట్టి 1997లో విశ్రాంతి తీసుకుంది, దాని అదృష్టం. దావా కట్టలతో ఆ వంతెన మీద ఎంతమంది అటూ ఇటూ తిరిగారో రైల్వేవాళ్ళు లెక్క రాసుకోలేదు.

ఇప్పుడు మీ అసలు బెంగకి వస్తాను. కొత్తగా వచ్చిన జడ్జిగారు చిన్నవారట, ఫైలు ముందే చదువుకొస్తారట, మొన్న వాయిదాలో "సెక్షన్ 18 చూశారా?" అని అడిగారట. ఆ రెండు వాక్యాలు ఆమె రాసేస్తే ఎలా అని మీకు నిద్ర పట్టడం లేదట. భయపడకండి. రాస్తే దాని మీద రాజ్యాంగం 227వ అధికరణం కింద అమరావతిలో రివిజను ఉంది. అక్కడ స్టే వస్తే సరే. రాకపోయినా కింద ఫైలు ఆగినట్టు మీ గుమస్తా చెప్పగలడు. తర్వాత విలువ ఉంది. తర్వాత ఆడపడుచుల్ని పార్టీలుగా చేర్చలేదన్న అభ్యంతరం ఉంది. దేవుడి దయవల్ల మీకు ముగ్గురు అప్పచెల్లెళ్ళు, ఒకరు విశాఖలో, ఒకరు బెంగుళూరులో, ఒకరి అడ్రసు ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ళకి సమన్లు అందేసరికి మళ్ళీ వరదలొస్తాయి.

ఒకవేళ ఇవన్నీ తేలిపోయాయే అనుకోండి. ఒడ్డు తేలింది, జిల్లా తేలింది, విలువ తేలింది, లంక కూడా ఎటో ఒకవైపు ఒరిగింది. అప్పుడు జడ్జిగారు ఫైలు పక్కన పెట్టి, "సరే, ఈ పొలంలో వాది వాటా మీరు ఎందుకు ఇవ్వడం లేదు?" అని అడుగుతారు. దానికి మీ దగ్గర జవాబు లేదు. వకాల్తా మీద సంతకం పెట్టించుకున్న రోజే మీ ప్లీడరుకి ఆ సంగతి తెలుసు. అందుకే ఫీజు దావా గెలిస్తే ఇంత అని మాట్లాడుకోలేదు, వాయిదాకి ఇంత అని మాట్లాడుకున్నాడు.